ఈవేళ వంట చెయ్యకు

నా భర్త నా పట్ల దయ చూపినప్పుడల్లా నాకు భయం ఎందుకు వేస్తుంది?

ఈ ప్రశ్న ఆ ఆదివారం ఉదయం, చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతుండగా నాకు నేనే వేసుకున్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి వంటింటి గుమ్మం దాకా వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రావటం ఆయన అలవాటు కాదు. కాఫీ గ్లాసు కూడా అవతలి నుంచే చెయ్యి చాచి అందుకుంటారు. ఆ రోజు మాత్రం లోపలికి వచ్చి, నా చేతిలోని చేట తీసి గట్టు మీద పెట్టారు.

"ఈవేళ వంట చెయ్యకు సుందరీ. అందరం బయట తిందాం" అన్నారు.

"ఎక్కడికండీ?"

"కోనేరు సెంటరు దగ్గర కొత్తగా పెట్టారే, ఆ మెక్సికన్ హోటలు. మన సుప్రజ ఎప్పట్నుంచో అడుగుతోందిగా. నువ్వా ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకో. బావుంటుంది నీకు."

నాకేది బావుంటుందో ఆయన గమనించారన్న సంతోషం కలగవలసిన చోట, అరికాళ్ళలో సన్నగా చలి పుట్టింది. రొట్టెలు తినటానికి పట్టుచీర ఎందుకు? అడగలేదు. అడగకపోవటం నేను చాలా కాలంగా సాధన చేసిన విద్య. బయట మబ్బు పట్టి ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందనీ, బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరవేశారనీ రేడియో ఆ ఉదయం నుంచీ చెబుతూనే ఉంది. గాలి మాత్రం లేదు. పెరట్లో ఆరేసిన బట్టలు వేలాడదీసిన మనుషుల్లా కదలకుండా ఉన్నాయి.

ఆయన నన్ను బయట భోజనానికి తీసుకువెళ్ళిన సందర్భాలు నాకు బాగా గుర్తు. మరచిపోలేనన్ని తక్కువ కాబట్టి. పెళ్ళయిన కొత్తలో బెజవాడ తీసుకువెళ్ళి ఒక పెద్ద హోటల్లో భోజనం పెట్టించారు. ఐస్‌క్రీం కప్పులో చెంచా ఆడిస్తూ, వాల్తేరులో నాకు వచ్చిన ఎమ్మే ఫిలాసఫీ సీటు వదులుకోవటం మంచిదని చెప్పారు. "అమ్మకు ఇష్టం లేదు. ఇంకా చదివి ఏం చేస్తావు? తిను, కరిగిపోతుంది" అన్నారు. చాలా ఏళ్ళ తరవాత బందరులోనే, అరిటాకులో భోజనం పెట్టే హోటల్లో, నా ఆకులో స్వయంగా నెయ్యి వేయించి, మరిది పిల్లలిద్దరూ చదువు కోసం మా ఇంట్లో ఉంటారని చెప్పారు. ఆ పిల్లలు ఇంటరు ముగించి వెళ్ళేదాకా రెండు పొయ్యిల మీద నా తెల్లవారుజాములన్నీ ఉడికిపోయాయి. రెండుసార్లూ నేను కాదనలేదు. అవుననీ అనలేదు. తలవంచుకుని ముందున్నది తినేశాను. నా మౌనాన్ని ఆయన సంతకంగా చదువుకున్నారు.

దయ గురించి నేను చాలా ఆలోచించాను. అది ఎత్తైన చోటి నుంచి కిందికి దిగే వస్తువు. సమానంగా నిలబడిన ఇద్దరి మధ్య దానికి దారి దొరకదు. ఆయన గుమ్మం దాటి వచ్చి చేట అందుకున్నారంటే, ఎక్కడో నేను ఇంకొక మెట్టు దిగటానికి ఏర్పాటు జరిగిందన్న మాట.

ఆయన చెడ్డవారు కారు. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. వేంకటేశ్వర్లుగారంటే కింది ఉద్యోగులు లేచి నిలబడతారు. గొంతు పెంచరు. చెయ్యి ఎత్తరు. కోపం వస్తే అన్నం మానేస్తారు, అంతే. కంచం ముందు కూర్చుని, ఒక్కసారి చూసి, లేచి వెళ్ళిపోతారు. ఆయన తిన్న తరవాతే నేను తినాలన్నది మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, నేనే పాటించాను. అందువల్ల ఆయన ఉపవాసాలన్నీ నావే. తేడా ఏమిటంటే ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో ఏదో ఒకటి తినేవారు. ఒకసారి అలాంటి మూడో రోజున తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతూ బోర్డు పట్టుకుని కింద కూర్చుండిపోయాను. పిల్లలు భయపడి మంచినీళ్ళు తెచ్చారు. నీరసం అన్నాను. అది అబద్ధం కాదు.

నేను అవనిగడ్డ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరును. బందరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. ఇంట్లో అందరూ ఆ ప్రయాణాన్ని తలచుకుని జాలిపడతారు. "పాపం, ఆ బస్సుల్లో పడి..." అంటారు. నిజం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ బస్సు సీటే నాకున్న ఒకే ఒక గది. చల్లపల్లి దాకా జనం, గొడవ. ఆ తరవాత కిటికీ పక్క చోటు దొరుకుతుంది. సంచిలోంచి పుస్తకం తీస్తాను. వాల్తేరులో చదవవలసినవన్నీ నేను ఆ కుదుపుల్లో, వేలు అక్షరాల కింద పెట్టుకుని చదివాను. ఒక పేజీ చదివి, పొలాల వైపు చూస్తూ దానితో వాదించుకునేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ పిలవరు. "సుందరీ, నా కళ్ళజోడేదీ?" అని ఎవరూ అడగరు. ఉద్యోగం అంటే నా వాళ్ళకు జీతం. నాకు, రోజుకు రెండుసార్లు నన్ను నాకు అప్పగించే ఒక దారి. అది పోతే నాలో మిగిలేది ఎవరు?

ఆ దారి కిందే నేల కదులుతోందని శుక్రవారం నాడే నాకు తెలిసి ఉండవలసింది. సాయంత్రం మా హెడ్మాస్టరు పిచ్చేశ్వరరావుగారు నన్ను పిలిచి, లాబ్ బీరువా తాళాలు కొత్త మాస్టారు బంగార్రాజుకు ఇచ్చి వెళ్ళమన్నారు. "ఊరికే సామాను సరిచూసుకుంటాడమ్మా" అన్నారు. ఎప్పుడూ లేనిది నా కోసం కుర్చీలోంచి సగం లేచారు. స్టాఫ్ రూములో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగాయి. ఉప్పెన చూసిన దివిసీమలో సముద్రం వైపు ఆకాశం నల్లబడితే పెద్దవాళ్ళు మాటలు తగ్గిస్తారు. నేను అదే అనుకున్నాను, వాతావరణం అని.

హోటలుకు మేము ముగ్గురం వెళ్ళాం. ఆయన, నేను, బెజవాడ హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతూ, ఆదివారానికి ఇంటికి వచ్చిన మా అమ్మాయి సుప్రజ. దారి పొడవునా సుప్రజ ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. నేను చూస్తే చూపు తిప్పుకుంది.

ఆ హోటలు పెట్టింది గిలకలదిండి కుర్రవాడు దుర్గాశ్రీనివాస్. తండ్రిది సముద్రం మీద వేట. ఇతను దుబాయిలో మెక్సికన్ వంట నేర్చుకుని తిరిగి వచ్చాడు. గోడలకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేశాడు. ఒక గోడకు బండి చక్రమంత గడ్డి టోపీ, మూలన ప్లాస్టిక్ బ్రహ్మజెముడు. అన్నం హోటళ్ళలో ఉండే సాంబారు వాసన లేదు. కాలిన మొక్కజొన్న, నిమ్మరసం, జీలకర్ర కలిసిన కొత్త వాసన. మరో రోజు, మరొకరితో వచ్చి ఉంటే నాకు నచ్చేదేమో.

అక్కడి పద్ధతి నేను ఎన్నడూ చూడనిది. కూర్చున్న చోటికి వడ్డన రాదు. గాజు అరల వెనక గిన్నెల్లో ఉడికించిన చిక్కుడు గింజలు, వేయించిన కాయగూరలు, టమాటా పచ్చడి, మజ్జిగ మీగడ లాంటిదేదో, చేప ముక్కలు, రొయ్యలు విడివిడిగా ఉన్నాయి. ఎవరికి వారు ఎదురుగా నిలబడి తన రొట్టెలో ఏమేం పెట్టాలో ఒక్కొక్కటిగా చెప్పాలి. వడ్డించేది దుర్గాశ్రీనివాస్ భార్య వీరదుర్గ. కొప్పు మీద ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని ఉంది.

"మాకు పూర్తి శాకాహారం. పెనం వేరేనా?" అన్నారు ఆయన.

"వేరేనండీ బాబుగారూ. దాని మీద చేప నీడ కూడా పడనివ్వను. మా ఆయన్ని సైతం అటు రానివ్వనండీ, ఆయన ఒళ్ళంతా చేపే!"

వెనక వరసలో వాళ్ళు నవ్వారు. వీరదుర్గ నా వైపు తిరిగింది.

"మీకండీ మేడం? మొక్కజొన్న రొట్టా, మైదాదా? కారం ఎంత పెట్టమంటారు?"

నోరు తెరిచాను. అది చిన్న ప్రశ్న. కానీ ఆ ప్రశ్నకు ఎక్కడికి వెళ్ళి జవాబు వెతకాలో నాకు అర్థం కాలేదు. ఆయనకు ఏది పడదో, సుప్రజకు ఏది ఇష్టమో, మరిది పిల్లల్లో ఎవరు వంకాయ తినరో, అత్తగారి పప్పులో ఉప్పు ఎంత తగ్గించాలో అన్నీ నా నాలుక మీద ఉన్నాయి. నాది మాత్రం లేదు. ఇల్లంతా వెతికి, చివరకు నా పెట్టె తెరిస్తే అందులోనూ వాళ్ళ బట్టలే ఉన్నట్టు అనిపించింది.

"ఆవిడకు మైదాది పెట్టు. కారం వద్దు, పడదు" అన్నారు ఆయన, నా భుజం మీదుగా.

కారం పడనిది ఆయనకు. ఆయన కోసం నేను మానేశాను.

"నేను ఆవిణ్ణి అడిగానండీ" అంది వీరదుర్గ.

"మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే నోరు లేమ్మా!"

ఆయన ఆ మాట ఎంతో చమత్కారంగా అన్నారు. అందరూ నవ్వారు. సుప్రజ కూడా నవ్వింది. వీరదుర్గ నవ్వలేదు. నా పళ్ళెం నా చేతికి ఇస్తూ ఒక్క క్షణం వదలకుండా పట్టుకుంది. అంతలోనే వెనకవాళ్ళు తొందర చేస్తే వదిలేసింది.

మా కోసం మేడ మీద పొడవాటి బల్లలు కలిపి వేశారు. ముగ్గురికి అన్ని కుర్చీలెందుకు?

"ఇంకా ఎవరైనా వస్తున్నారా?" అని అడిగాను.

"ముందు కూర్చో" అన్నారు.

మొదట గుడివాడ నుంచి మా మరిది, తోటికోడలు కనకదుర్గ వచ్చారు. కనకదుర్గ చేతిలో పెద్ద సంచి ఉంది. పక్కన కూర్చుంటూ దాన్ని తన కాళ్ళ మధ్య దాచుకున్నట్టు పెట్టుకుంది. పోయిన వేసవి నుంచీ మా అత్తగారు మంచం మీద ఉన్నారు. పక్షవాతం. అప్పటి నుంచి వాళ్ళ ఇంట్లోనే.

"అత్తయ్య దగ్గర ఎవరున్నారు?" అన్నాను.

"పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి వచ్చానక్కయ్యా. ఒక్క పూటేగా ఇంక" అంది. అనేసి, పెదవి కొరుక్కుని, "ఏంటిది, చపాతీనా? అట్టా?" అంటూ నా పళ్ళెంలోకి తొంగి చూసింది.

ఒక్క పూటేగా ఇంక. ఆ మాట నా ముందున్న పళ్ళెంలో పడి అక్కడే ఉండిపోయింది. ఇంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి. పైకి వచ్చింది పిచ్చేశ్వరరావుగారు. ఆయన వెనక మా బడి తెలుగు పండితులు, లాబ్ తాళాలు తీసుకున్న బంగార్రాజు. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. నా భర్త లేచి ఎదురువెళ్ళి వాళ్ళ చేతులు పట్టుకున్నారు. వాళ్ళకు ఆయనతో అంత పరిచయం ఎప్పుడు ఏర్పడింది?

నేను చేతులు కడుక్కునే నెపంతో లేచాను. సుప్రజను కళ్ళతో పిలిచాను. కొళాయి దగ్గర తనను గోడవైపు నిలబెట్టి అడిగాను.

"ఏం జరుగుతోందిక్కడ?"

"అమ్మా... నీకు నిజంగా తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా?"

"నువ్వు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుంటున్నావుగా. అందుకని చిన్న ఫంక్షన్. నువ్వు ఒప్పుకున్నావనే చెప్పారు నాన్న. ఫంక్షన్ సంగతి ఒక్కటే చెప్పొద్దన్నారు, సర్‌ప్రైజ్ అని."

"నేను ఒప్పుకున్నానా? ఎప్పుడు?"

"ఏమో. నాయనమ్మని రేపు తీసుకొస్తున్నారు కదా, మరి చూసుకునేదెవరు?" దాని ముఖంలో రంగు తగ్గసాగింది. "నేను... నువ్వు అలిసిపోయావేమో అనుకున్నానమ్మా. మంచిదే అనుకున్నాను. నువ్వెప్పుడూ ఏదీ వద్దనవు కదా!"

కొళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆయన మీద వచ్చిన కోపం కంటే ఆ చివరి మాట నన్ను ఎక్కువ నిలదీసింది. పందొమ్మిదేళ్ళుగా నన్ను చూస్తూ పెరిగిన పిల్ల నా గురించి సంపాదించిన జ్ఞానం అది. నేను వద్దనను. అది ఒక స్త్రీ లక్షణమని తను అనుకుని ఉంటే? రేపు తనకు కూడా ఎవరో నెయ్యి వడ్డించి, ఐస్‌క్రీం కరిగేలోపు తినమంటే?

అప్పుడు గుర్తుకు వచ్చింది. పోయిన వారం గంజి వారుస్తున్నాను. ఆయన గుమ్మం అవతల నిలబడి, "అమ్మను తమ్ముడు ఇక చూడలేనంటున్నాడు. నువ్వు ఇంట్లో ఉంటే బాగుండేది. సర్వీసు కూడా సరిపోయిందిగా, పెన్షన్ వస్తుంది" అన్నారు. ఆవిరి ముఖానికి కొడుతోంది. గిన్నె జారితే చెయ్యి కాలుతుంది. నేను మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం తీసుకుని ఆయన అవనిగడ్డ వెళ్ళారు.

తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. హెడ్మాస్టరుగారు చిక్కుడు గింజలు మీసానికి అంటకుండా తినటానికి అవస్థపడుతున్నారు.

"మాస్టారూ, నన్ను ఒక్కమాట అడగవలసింది" అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు చూశారు. "అదేంటమ్మా! మీవారు స్వయంగా మా ఇంటికొచ్చి చెప్పాక, మళ్ళీ మిమ్మల్ని అడిగితే ఆయన మాట నమ్మనట్టు కాదూ? అది మర్యాదేనా? రేపు దరఖాస్తు మీద మీ సంతకం ఒక్కటీ అయిందంటే మిగతావన్నీ నేను చూసుకుంటాను. తాళాలు కూడా అప్పగించేశారుగా!"

ఆయన మాటలో కపటం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఈ బల్ల చుట్టూ దుర్మార్గులు ఎవరూ లేరు. అందరూ మర్యాదస్తులు. నా గురించి నా భర్త మాట నా మాటేనని నమ్మే మర్యాద. ఒక మనిషిని బతికి ఉండగానే లేకుండా చేయటానికి అంతకు మించి ఏమీ అక్కరలేదు.

బల్ల కింద ఆయన చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ముఖం అలా పెట్టకు. అందరూ చూస్తున్నారు. నవ్వు" అన్నారు, తాను నవ్వుతూ, చాలా నెమ్మదిగా.

"మీరు నన్ను అడగలేదు."

"పోయిన వారం చెప్పానుగా. నువ్వేం అనలేదు."

"ఇప్పుడు అంటున్నాను. నాకు ఇష్టం లేదు. నేను మానను."

పెళ్ళయిన తరవాత ఆయనతో నేను అలా అనటం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన చూపు నా మీది నుంచి తన పళ్ళెం మీదికి మళ్ళింది. పళ్ళాన్ని ఒక్క అంగుళం అవతలికి జరిపారు.

"ఇక్కడ నా పరువు తీశావంటే, ఆ ఇంట్లో నేను ఇక మెతుకు ముట్టను. తరవాత నీ ఇష్టం."

వేళ్ళు ఇంకాస్త బిగించి, వదిలేశారు. కిటికీ అవతల మొదటి గాలి లేచింది. కింద వీధిలో ఎవరి దుకాణం రేకో పెద్ద చప్పుడుతో పడింది. వాన మొదలవుతుందని ఎవరో అన్నారు. తొందరగా కానిద్దాం అన్నాడు మా మరిది.

ఆ కాసేపట్లో నేను అత్తగారి గురించి ఆలోచించాను. నిజాయితీగా ఆలోచించాలనుకున్నాను. నేను వద్దంటే ఆ ముసలి ప్రాణం ఏమవుతుంది? నాది స్వార్థమా? చేతనైన కాలంలో ఆవిడ నన్ను చాలా బాధపెట్టారు. అయినా కిందటిసారి గుడివాడ వెళ్ళినప్పుడు, ఆవిడ నోరు ఒక పక్కకు జారి ఉండగా, తడి గుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే నాకు ద్వేషమేమీ కలగలేదు. పొద్దున, సాయంత్రం నేను చేయగలిగింది చేస్తాను. చేయనని ఎవరన్నారు? కానీ ఆవిడ కన్న కొడుకులిద్దరూ ఇక్కడే కూర్చుని రొట్టెలు తింటున్నారు. తల్లి మంచాన పడితే తమ చేతులతో చేయవలసింది ఏదైనా ఉందేమోనన్న అనుమానం కూడా వాళ్ళకు కలగలేదు. ఒక కోడలి ఇంటి నుంచి ఇంకొక కోడలి ఇంటికి మంచం జరపటాన్నే వాళ్ళు తల్లి సేవ అనుకుంటున్నారు. ఆ సేవ గొప్పదైతే, దానిలో త్యాగం ఉంటే, అది ముందు ఎవరి హక్కు?

ఆలోచన అక్కడికి చేరి ఆగింది.

పిచ్చేశ్వరరావుగారు లేచి గొంతు సవరించుకున్నారు. అవతలి బల్లల దగ్గర తింటున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు. వీరదుర్గ ఖాళీ పళ్ళాలు తీసుకుపోవటానికి పైకి వచ్చి, మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

"ఈ రోజు మన త్రిపురసుందరిగారు ఎంతటి మహత్తర నిర్ణయం తీసుకున్నారో మీకు తెలుసు. ఉద్యోగం ఎవరైనా చేస్తారు. కానీ కన్నతల్లి కన్నా మిన్నగా భావించే అత్తగారి సేవ కోసం, ఇంకా ఎన్నో ఏళ్ళ సర్వీసు ఉండగానే, తనంత తానుగా ఉద్యోగాన్ని తృణప్రాయంగా వదులుకోవటం మాటలు కాదు. త్యాగమంటే అదీ! మా పాఠశాల తరఫున, వారి కుటుంబం తరఫున, వారిని సత్కరించుకోవటం మన అదృష్టం."

కనకదుర్గ కాళ్ళ మధ్య సంచిలోంచి జరీ అంచు శాలువా తీసింది. అప్పటికి నాకు అంతా పూర్తిగా అర్థమైంది. శాలువా కప్పించుకున్న మనిషి కాదనటం మన దగ్గర ఎక్కడా లేదు. పదిమంది చప్పట్లు కొట్టాక ఆ గౌరవం ఒంటికి అతుక్కుపోతుంది. ఇంట్లో అడిగితే నేను నిజంగానే వద్దంటానేమోనని ఆయనకు ఎక్కడో అనుమానం ఉంది. అందుకే అడగకుండా సన్మానం ఏర్పాటు చేశారు. ఎంత జాగ్రత్తగా ఆలోచించారో అనిపించింది. ఒక విధంగా, నాకు గొంతు ఉందని ఈ బల్ల దగ్గర నమ్మిన మనిషి ఆయన ఒక్కరే.

"లేవండమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు, శాలువా మడతలు విప్పుతూ.

లేచాను. అందరూ లేచారు. ఆయన కూడా, నా పక్కన, ఫొటోకు నిలబడ్డట్టు. బంగార్రాజు కెమెరా సరిచేసుకుంటున్నాడు. శాలువా నా తల ఎత్తుకు వచ్చింది. రెండు చేతులూ చాచి, దాన్ని హెడ్మాస్టరుగారి చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాను. భక్తితో తీసుకుంటున్నాననుకుని ఆయన వదిలేశారు.

"మాస్టారు చెప్పినదంతా నిజం" అన్నాను. తరగతి గదిలో చివరి బెంచీకి వినిపించే గొంతు అది. నాకు ఇరవై ఏళ్ళకు పైగా అలవాటు. "మంచాన పడిన తల్లికి సేవ చేయటం కోసం ఉద్యోగం వదులుకునేవాళ్ళు గొప్పవాళ్ళే. అయితే చిన్న పొరపాటు జరిగింది. మా అత్తగారు కన్నది నా పక్కనున్న వీరిని. సర్వీసు కూడా నాకంటే వీరిదే ఎక్కువ. రేపటి నుంచి తల్లి దగ్గర ఉండవలసిందీ, ఉండగలిగిందీ వీరే. నేను రేపు మామూలుగా బడికి వస్తున్నాను. దరఖాస్తు మీద నా సంతకం ఉండదు."

సుప్రజ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన పెదవుల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయటం మరచిపోయినట్టు. దాని వెనక కళ్ళలో ఉన్నది నాకు కొత్త కాదు. ఈ సాయంత్రం ఇంట్లో ఏ కంచం ఖాళీగా ఉంటుందో, ఎన్ని రోజులు ఉంటుందో నాకు తెలుసు. ఆకలైతే నేను తింటాను. ఆ నిర్ణయం తీసుకోవటానికి నాకు ఊపిరి పీల్చినంత సేపు కూడా పట్టలేదు.

శాలువాను ఆయన భుజాల చుట్టూ కప్పాను. జరీ అంచు ముందుకు వచ్చేలా రెండు వైపులా సరిచేశాను. మెట్ల దగ్గర నుంచి వీరదుర్గ ముందుగా చప్పట్లు కొట్టింది. సంగతేమిటో తెలియని అవతలి బల్లలవాళ్ళు అందుకున్నారు. తెలుగు పండితులు తడబడి కొట్టారు. ఏం చేయాలో పాలుపోక హెడ్మాస్టరుగారూ చేతులు కలిపారు. నా భర్త కుర్చీ వెనక్కి నెట్టి కదలబోయారు. నా రెండు అరచేతుల కిందా ఆ భుజాలు బిగుసుకోవటం తెలుస్తోంది.

చప్పట్లు ఆగేదాకా నేను చేతులు తీయలేదు.